సద్దున్న ఇల్లు

ఇది పదకొండో టులెట్ బోర్డు.
కొర్లగుంటలో మూడు, బైరాగిపట్టెడలో నాలుగు,
మిగతావి యాడెక్కడ చూసినామో
నా చెప్పులకి తెలుసు, నాకు గుర్తులేదు.

బ్రోకరు మునిరత్నం బండి స్టాండేసి
"ఏం కావల్నో ఒక తూరి సరిగ్గా చెప్పుమ్మా" అంటాడు.
చెప్తాను.
నీళ్ళు దినాం రాకపోయినా సరే,
మూడు దినాలకొకసారి వస్తే బిందెలుండాయి.
వంటిల్లు ఏ మూలుంటే ఏమి, పొయ్యి మండితే చాలు.
మాయత్తకి మోకాళ్ళ నొప్పి, మిద్దెక్కేది మాత్రం వొద్దు.
"ఇంతేనా?"
ఇంతే, అంటాను.
అసలుది గొంతులోనే కూసోనుంటాది.

ఓనరమ్మ తలుపు సగమే తీస్తాది.
ఎంతమంది?
అయిదుగురం.
నీసు తింటారా?
ఆదివారం.
ఇంటిపేరేమి అంటాది, ఊరేది అంటాది,
చుట్టుదారిలో నడిచి నడిచి
అడగాలనుకున్న చోటికే వస్తాది:
మీయాయన ఏం పని?
మేళమమ్మా. డోలు వాయిస్తాడు. మా మామది సన్నాయి.

"అయ్యో, ఎంత మంచి మాట!
మా చిన్నదాని పెండ్లికి మీరే రావల్ల"
అని ఫోన్ నెంబరు కూడా రాసుకుంటాది.
ఇల్లు మాత్రం
నిన్ననే ఎవురికో మాటిచ్చేసిందంట.

పాత ఇంట్లో మా సుగుణ
దిండు మీద డోలు నేర్చుకునింది.
దూది చెదిరిపోయింది గాని తాళం చెదరలేదు.
మా మామ సన్నాయి నోట్లో నా చీర పీలిక కుక్కి ఊదేవాడు,
జ్వరమొచ్చిన బిడ్డ మూలిగినట్టుండేది భూపాలం.
మాయాయన చెంగల్రాయులు
వేళ్ళకి గుడ్డ తొడుగులేసుకోని
ఊరక తొడమీద కొట్టుకుంటా
తెల్లారేదాకా గోడకల్లా చూస్తా ఉండేవాడు.
పక్క పోర్షన్లో టీవీ రాత్రి పన్నెండుకీ అరిచేది.
దానికెవురూ ఏమీ అనరు.

ఆఖరికి జీవకోనలో, కొండ కాళ్ళకాడ,
రెండు రూములు, ఒక రేకుల వసారా.
చిరుత దిగతాదని ఎవురూ చేరని ఇల్లు, అందుకే చవక.
"వస్తే రానీ, వాయించి పంపిస్తాం" అన్నాడు మామ.
సామాను దించినాక
మూడు దినాలు డోలు గవిసెన విప్పలేదు మేము.
నాలుగో దినం పొద్దన్నే అయిదుకి
మాయాయన ఒక్క దెబ్బ కొట్టి ఆపినాడు.
వీధి ఏమన్నా అంటాదేమో అని విన్నాం.
కుక్క మొరిగింది. అంతే.
ఇంకో దెబ్బ.

అట్ల నెలన్నర గడిచినాక
మాయత్తకి ఆయాసమొచ్చి రుయాలో పెట్టినాం.
రెండు దినాలు ఇంట్లో సద్దు లేదు.
మూడోనాడు తెల్లారకనే తలుపు తట్టినారు.
ఎదురింటి ఖాసింబీ, కొంగు తలమీదికి లాక్కుంటా.
కొట్లాటకే అనుకున్నాను.
నోట్లో మాటలు సిద్ధం చేసుకున్నాను:
రేపట్నించి దిండు మీదేలేమ్మా, తప్పయింది.

ఆయమ్మ అనింది కదా:
"రెండు దినాలుగా డోలు వినబళ్ళేదే,
ఎవురికన్నా ఒంట్లో బాగలేదా?
మావోడు మీ మేళానికే లేస్తాడు,
రెండు తూర్లు రేణిగుంట కంపెనీ బస్సు తప్పిపోయినాడు."

వసారాలో నిలబడి ఏడ్చినాను, సిగ్గులేకుండా.
ఆయమ్మ భయపడి
"అత్తకి అంత బాగలేదా" అనింది.
బాగుందమ్మా, దినదినానికి బాగుంది అన్నాను.
మునిరత్నానికి పదకొండు తూర్లు చెప్పలేకపోయిన మాట
ఈయమ్మకి అడగకుండానే ఎట్ల తెలిసిందో.

ఆ పొద్దు సుగుణే వాయించింది.
తొడుగులు దాని వేళ్ళకి వదులు.
రెండు చోట్ల తప్పింది,
ఎదురింట్లో మాత్రం లైటు ఎలిగింది.

నీళ్ళంటావా,
మూడు దినాలకొకసారని చెప్పినాడు గదా మునిరత్నం,
అయిదు దినాలకి వస్తా ఉండాయి.
దొంగ నాయాల, కనపడనీ.